తూప్రాన్: నేల, దారి, విదేశీ పెట్టుబడి

తూప్రాన్ తెలంగాణలోని మెదక్ జిల్లాకు చెందిన పట్టణం, మండల కేంద్రం, రెవెన్యూ డివిజన్ కేంద్రం. హైదరాబాదుకు ఉత్తరాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉంది. 2016 అక్టోబరు 11న పాత మెదక్ జిల్లా మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట జిల్లాలుగా విడిపోయినప్పుడు తూప్రాన్ రెవెన్యూ డివిజన్ ఏర్పడింది. మండలంలోని దక్షిణ గ్రామాలు మనోహరాబాద్ పేరుతో వేరే మండలమయ్యాయి. 2018లో తూప్రాన్ పురపాలక సంఘమైంది. శాసనసభకు గజ్వేల్ నియోజకవర్గం, లోక్‌సభకు మెదక్.

ఈ విభజనతో ఒక చిక్కు వచ్చింది. తూప్రాన్ పారిశ్రామిక ప్రాంతం అని వ్యాపారులు అనే చోట్లో సగానికి పైగా ఇప్పుడు మనోహరాబాద్ మండలంలో ఉంది. తూర్పున ఆనుకుని ఉన్న వర్గల్, గజ్వేల్ ప్రాంతం సిద్దిపేట జిల్లాలోకి పోయింది. పెట్టుబడిదారుకు ఇది ఒకే పారిశ్రామిక పట్టీ. కాగితాలు మాత్రం ఇద్దరు కలెక్టర్ల కార్యాలయాల్లో తిరుగుతాయి. ఈ వ్యాసంలో తూప్రాన్ అంటే పట్టణంతో పాటు రహదారి వెంబడి కాళ్ళకల్ నుంచి మాసాయిపేట దాకా ఉన్న ప్రాంతం.

నేల, నీరు

తూప్రాన్ దక్కన్ పీఠభూమి మీద, 17.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. అడుగున గ్రానైటు, నైస్ రాళ్ళు. పైన పలుచటి ఎర్ర చెల్క, పల్లంలో అక్కడక్కడ నల్లరేగడి. వానాకాలంలో వరి, మక్క, పత్తి వేస్తారు, నీళ్ళున్న చోట యాసంగికి మళ్ళీ వరి. నగరం దగ్గర కాబట్టి కూరగాయల సాగూ ఉంది. ఈ నేలలో బొగ్గు లేదు, చెప్పుకోదగ్గ ఖనిజమూ లేదు. పరిశ్రమకు ఈ నేల ఇచ్చేది ఒక్కటే: గట్టి పునాది. భారీ యంత్రాలు నిలబెట్టడానికి లోతుగా తవ్వక్కర్లేదు, భూకంప భయం తక్కువ, తుపాను గాలి ఇంత దూరం రాదు. కోస్తాలో స్థలం చూసివచ్చిన ఇంజనీరుకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

నీటి కథ వేరు. ఇక్కడి వాగు హల్దీ. తూప్రాన్ ప్రాంతం గుండా పారి మంజీరలో కలుస్తుంది. వానల్లో పొంగుతుంది, ఎండల్లో ఇసుక తేలుతుంది. రాతి పగుళ్ళలో దొరికినంతే భూగర్భజలం కాబట్టి బోరు వేయడం దశాబ్దాలుగా జూదమే. నీళ్ళు ఎక్కువ తాగే పరిశ్రమకు ఇది అనువైన చోటు కాదనే ఎవరైనా అనుకుంటారు. కాళేశ్వరం ఎత్తిపోతలలో భాగంగా 2020 మే 29న కొండపోచమ్మ సాగర్ ప్రారంభమైంది. 15 టీఎంసీల ఆ జలాశయం నుంచి 2021 ఏప్రిల్‌లో వర్గల్ మండలం అవుసులపల్లి దగ్గర గోదావరి నీటిని హల్దీలోకి వదిలారు. వేసవిలో వాగు పారింది, ఆ నీళ్ళు మంజీర మీదుగా నిజాంసాగర్ వైపు సాగాయి. సాగుకు అది పెద్ద ఊరట. అయితే ఆ నీటిని గోదావరి నుంచి ఇంత ఎత్తుకు కరెంటుతో ఎక్కించాలి, ఆ ఖర్చు ప్రభుత్వానిది. ప్రభుత్వం మారినా, ప్రాజెక్టు దెబ్బతిన్నా ప్రాధాన్యం మారుతుంది. 2023 అక్టోబరులో కాళేశ్వరంలోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాక ఈ అనుమానం ఇంకా పెరిగింది. పాతికేళ్ళ లెక్క వేసుకుని వచ్చే కంపెనీ ఈ విషయాన్ని పట్టించుకోక తప్పదు.

కరెంటు పరిస్థితి మాత్రం స్పష్టంగా మెరుగుపడింది. 2012, 2013 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు వారంలో కొన్ని రోజులు పవర్ హాలిడే ఉండేది. ఇనుము కరిగించే కొలిమికి అంతకన్నా శాపం లేదు. ఇప్పుడా మాట వినిపించడం లేదు. దగ్గరలోనే గజ్వేల్‌లో 400 కేవీ సబ్‌స్టేషన్ ఉంది.

దారి

తూప్రాన్‌ను తూప్రాన్ చేసింది దారి. హైదరాబాదు నుంచి నిర్మల్ మీదుగా నాగపూర్ వెళ్ళే బాట పందొమ్మిదో శతాబ్దంలో సైన్యాలకు, వర్తకులకు, కాశీయాత్రికులకు ముఖ్యమైన మార్గం. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి పోతూ నాగపూర్ చేరింది ఈ ఉత్తర మార్గంలోనే.

ఈ ప్రాంతానికి విదేశీ పెట్టుబడి మొదట వచ్చింది కూడా దారి రూపంలోనే. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ 1883లో లండన్‌లో ఏర్పడింది. వాటాదారులు పెట్టిన డబ్బుకు ఏటా 5 శాతం వడ్డీ వస్తుందని నిజాం ప్రభుత్వం ఇరవై ఏళ్ళకు హామీ ఇచ్చింది. కంపెనీ పేరులోని ‘గ్యారంటీడ్’ అన్న మాట ఆ హామీదే. హైదరాబాదు నుంచి మన్మాడ్‌కు మీటర్‌గేజి మార్గం 1900 ప్రాంతంలో ఈ పల్లెల పక్క నుంచి పోయింది. మనోహరాబాద్, మాసాయిపేట, వడియారం స్టేషన్లు ఆ మార్గం మీదివే. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను స్వాధీనం చేసుకుంది. లాభం వచ్చినా రాకపోయినా లండన్ వాటాదారుకు వడ్డీ అందింది, తేడా వస్తే పూడ్చే భారం రాజ్యానిది.

నూరేళ్ళ తరువాత రోడ్డు విషయంలోనూ దాదాపు ఇదే ఏర్పాటు కనిపిస్తుంది. అడ్లూర్ ఎల్లారెడ్డి నుంచి గుండ్లపోచంపల్లి దాకా 103 కిలోమీటర్ల రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించే పని జీఎంఆర్ సంస్థ యాన్యుటీ పద్ధతిలో తీసుకుని 2009లో పూర్తిచేసింది. యాన్యుటీ అంటే బండ్లు ఎన్ని తిరిగినా జాతీయ రహదారుల సంస్థ ఆరు నెలలకోసారి ముందే ఒప్పుకున్న మొత్తం చెల్లిస్తుంది. టోల్ వసూలుతో కంపెనీకి సంబంధం లేదు. తూప్రాన్ ఊరిని తప్పించి బైపాస్ పడింది కూడా ఈ విస్తరణలోనే. పాత రోడ్డు మీది హోటళ్ళకు గిరాకీ తగ్గింది, బైపాస్ పక్క పొలాలకు ధర పెరిగింది.

రహదారి దక్షిణాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, కండ్లకోయ దగ్గర, 158 కిలోమీటర్ల హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డును కలుస్తుంది. ఔటర్‌లో కొంత భాగానికి జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ జైకా అప్పిచ్చింది. 2023లో ఔటర్ టోల్ హక్కులను ఐఆర్‌బీ సంస్థ 30 ఏళ్ళకు 7,380 కోట్ల రూపాయలకు దక్కించుకుంది. ఆ సంస్థలో స్పెయిన్ మూలాలున్న ఫెరోవియల్ వర్గానికి, సింగపూర్ ప్రభుత్వ నిధి జీఐసీకి వాటాలున్నాయి. తూప్రాన్ సరుకు లారీ శంషాబాద్ విమానాశ్రయానికి పోతూ కట్టే టోల్‌లో కొంత ఐరోపాకు, కొంత సింగపూర్‌కు చేరుతుందన్నమాట. తూప్రాన్‌కు విదేశీ పెట్టుబడి రాలేదనేవారు కంపెనీల బోర్డులే చూస్తారు, టోల్ రసీదు చూడరు.

రైలు మార్గం గురించి చెప్పేటప్పుడు 2014 జులై 24ను దాటవేయలేం. మాసాయిపేట దగ్గర కాపలా లేని లెవెల్ క్రాసింగ్‌లో తూప్రాన్‌కు వస్తున్న బడి బస్సును నాందేడ్ ప్యాసింజర్ ఢీకొంది. పదహారు మందికి పైగా పిల్లలు చనిపోయారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. దేశమంతటా బ్రాడ్‌గేజి మీద కాపలా లేని గేట్లను తీసివేసే పని ఆ తరువాతి ఏళ్ళలో వేగం అందుకుంది.

మనోహరాబాద్ నుంచి కొత్తపల్లికి వేస్తున్న 151 కిలోమీటర్ల కొత్త మార్గానికి 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని శంకుస్థాపన చేశారు. భూమి, ఖర్చులో మూడోవంతు రాష్ట్రానివి. 2022లో గజ్వేల్‌కు గూడ్సు బండి వచ్చింది, 2023 అక్టోబరు 3న సిద్దిపేట నుంచి సికింద్రాబాదుకు ప్రయాణికుల రైలు మొదలైంది. దాంతో మనోహరాబాద్ జంక్షనైంది. ఇక రోడ్డు సంగతి: హైదరాబాదు చుట్టూ ప్రతిపాదించిన ప్రాంతీయ వలయ రహదారి ఉత్తర భాగం సంగారెడ్డి, నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ వరకు పోతుంది. 2024 డిసెంబరులో ఐదు ప్యాకేజీలుగా దానికి టెండర్లు పిలిచారు. రెండో ప్యాకేజీ ముగిసి మూడోది మొదలయ్యేది తూప్రాన్ మండలం ఇస్లాంపూర్‌లో.

చెట్టు లేని చోట కాఫీ

తూప్రాన్ పేరు విదేశీ కొనుగోలుదార్ల కాగితాల మీదికి ఎక్కింది కాఫీతో. పాత తూప్రాన్ మండలంలోని జీడిపల్లిలో టాటా కాఫీ ఇన్‌స్టంట్ కాఫీ కర్మాగారం ఉంది. ఏషియన్ కాఫీ పేరుతో మొదలైన సంస్థ తరువాత టాటాల చేతికి వచ్చింది. టాటా కాఫీకి దేశంలో ఇన్‌స్టంట్ కాఫీ తయారీ కేంద్రాలు రెండు ఉండేవి: తమిళనాడులో తేని, తెలంగాణలో తూప్రాన్. 2024 జనవరి 1 నుంచి ఈ వ్యాపారం టాటా కన్స్యూమర్ ప్రొడక్ట్స్‌లో విలీనమైంది.

మెదక్ చెల్కల్లో కాఫీ చెట్టు పెరగదు. గింజలు కర్ణాటక కొండల నుంచో, రేవుల ద్వారా పై దేశాల నుంచో ఇక్కడికి రావాలి. గింజను వేయించి, పొడి చేసి, ఒత్తిడి మీద వేడినీటితో సారం తీస్తారు. ఆ డికాక్షన్‌ను చిక్కబరచి ఎత్తయిన గోపురంలో వేడి గాలిలోకి చిమ్మితే నేలకు చేరేలోపు తడి ఆరి పొడి అవుతుంది. కిలో ఇన్‌స్టంట్ కాఫీకి 2.6 కిలోల పచ్చి గింజ అని అంతర్జాతీయ కాఫీ సంస్థ లెక్క కడుతుంది. అంటే కర్మాగారానికి వచ్చే బరువు ఎక్కువ, పోయే బరువు తక్కువ. ఈ లెక్కన ఫ్యాక్టరీ తోటల దగ్గర ఉండాలి. అయినా ఇక్కడ పెట్టారంటే కారణం పంటలో వెతకడం దండగ. నగరం దగ్గర, రోడ్డు పక్క చవక భూమి, వెనకబడిన జిల్లాలకు ఆ కాలంలో దక్కిన ప్రోత్సాహకాలు మెదక్ అంతటా ఇలాంటి పరిశ్రమలను దింపాయి. పటాన్‌చెరు, బొల్లారం నిండింది కూడా అలాగే.

కాఫీ గింజల దిగుమతి సుంకం 100 శాతం. ఎగుమతి కోసం తయారుచేసే సరుకుకు మాత్రం ముందస్తు అనుమతి పథకం కింద సుంకం లేకుండా గింజలు తెచ్చుకోవచ్చు. భారతదేశపు ఇన్‌స్టంట్ కాఫీ పరిశ్రమ నిలబడింది ఈ వెసులుబాటు మీదే. రష్యా, ఐరోపా దేశాలు ముఖ్యమైన కొనుగోలుదారులు. రూబుల్ పడిపోయినా, వియత్నాంలో రోబస్టా దిగుబడి తగ్గినా జీడిపల్లి బాయిలర్ లెక్క మారుతుంది. గుంటూరు జిల్లా దుగ్గిరాలలోని సీసీఎల్ ప్రొడక్ట్స్‌దీ ఇదే వ్యాపారం. పచ్చి గింజకు దగ్గరగా ఉండాలని సీసీఎల్, ఆ తరువాత 2019లో టాటా కాఫీ వియత్నాంలో సొంత కర్మాగారాలు పెట్టుకున్నాయి. తూప్రాన్‌కు విదేశీ పెట్టుబడి ఎప్పుడొస్తుందని సభల్లో అడుగుతుంటారు. తూప్రాన్‌లో వ్యాపారం నేర్చిన సంస్థే బయటి దేశంలో విదేశీ పెట్టుబడిదారు అయింది.

తక్కిన పరిశ్రమలు

రహదారికి రెండు వైపులా కాళ్ళకల్, ముప్పిరెడ్డిపల్లి, కూచారం, జీడిపల్లి శివార్లలో షెడ్లు వరుసగా కనిపిస్తాయి. ఇనుప తుక్కు కరిగించి కడ్డీలు తీసే మిల్లులు, ప్లాస్టిక్, ప్యాకింగ్ సామాను, మందుల ముడిపదార్థాలు, గోదాములు. మిల్లుల్లో బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ కార్మికులు ఎక్కువ. 2020 లాక్‌డౌన్‌లో నగరం విడిచిన వలస కార్మికులు వేలమంది నడిచింది ఈ రోడ్డు మీదే.

పెద్ద పెట్టుబడుల్లో ముందు చెప్పాల్సింది ఐటీసీ. మనోహరాబాద్ మండలంలో 59 ఎకరాల్లో, సుమారు 450 కోట్ల రూపాయలతో కట్టిన ఆహార ఉత్పత్తుల కర్మాగారం, గోదాముల సముదాయం 2023 జనవరిలో ప్రారంభమయ్యాయి. పిండి, బిస్కెట్లు, చిప్స్, నూడుల్స్ చేసి దక్షిణాది బజార్లకు పంపడానికి నాగపూర్ రోడ్డు, ఔటర్ రెండూ అందే చోటు కావాలి కాబట్టి ఈ ఎంపికలో ఆశ్చర్యం లేదు. ఐటీసీ దేశీయ సంస్థగానే అందరికీ తెలుసు. కానీ అందులో అతిపెద్ద వాటాదారు లండన్‌కు చెందిన బ్రిటిష్ అమెరికన్ టొబాకో. 2024, 2025లో కొంత అమ్ముకున్నాక కూడా దాని వాటా ఐదోవంతుకు పైనే ఉంది.

తూర్పున సిద్దిపేట జిల్లా బండతిమ్మాపూర్‌లో కోకాకోలా బాట్లింగ్ సంస్థ హెచ్‌సీసీబీ 2022లో ఒప్పందం చేసుకుని కట్టిన ప్లాంటు 2024 డిసెంబరులో ప్రారంభమైంది. వర్గల్ మండలం తున్కిఖాల్సాలో పయనీర్ విత్తన పరిశోధన కేంద్రం ఉంది. డ్యూపాంట్ చేతిలో ఉన్న ఆ సంస్థ 2019 నుంచి అమెరికా కంపెనీ కార్టేవాది. మేడ్చల్ నుంచి గజ్వేల్ దాకా విత్తన కంపెనీలు చేరడానికి పొడి వాతావరణం, పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ నీడ, రెండూ కారణాలే. ఇక్కడ మాత్రం నేలకూ పెట్టుబడికీ సూటి సంబంధం ఉంది.

విదేశీ పెట్టుబడిదారుకు అమరిక

తయారీ రంగంలో సాధారణంగా 100 శాతం విదేశీ పెట్టుబడికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. వాటాలు కేటాయించిన 30 రోజుల్లో రిజర్వు బ్యాంకుకు తెలపాలి. ఒక ముఖ్యమైన మినహాయింపు 2020 ఏప్రిల్‌లో వచ్చింది: భారత్‌తో భూసరిహద్దు ఉన్న దేశాల నుంచి వచ్చే డబ్బుకు కేంద్రం అనుమతి తప్పనిసరి అయింది. విదేశీ కంపెనీలు సాధారణంగా ఇక్కడ శాఖ తెరవవు, భారతీయ అనుబంధ సంస్థ పెడతాయి. పన్ను దగ్గర అదే లాభం: దేశీయ సంస్థకు ఎంచుకోగల మూల రేటు 22 శాతం, విదేశీ కంపెనీకి 35.

రాష్ట్రం ఇచ్చింది 2014 నాటి టీఎస్ ఐపాస్ చట్టం. భారీ ప్రాజెక్టులకు 15 రోజుల్లో, తక్కినవాటికి 30 రోజుల్లో అనుమతులివ్వాలి. గడువు దాటితే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఆలస్యం చేసిన అధికారికి జరిమానా కూడా రాశారు. దరఖాస్తు పట్టుకుని కార్యాలయాలు తిరిగిన తరానికి ఇది చిన్న సంగతి కాదు. అయితే ఆ గడియారం అనుమతులకే తిరుగుతుంది. భూమి చిక్కు దాని పరిధిలో లేదు. పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ పార్కులో ప్లాటు తీసుకుంటే హక్కు శుభ్రం, ధర ఎక్కువ. రైతు దగ్గర కొంటే ధర బేరమాడవచ్చు కానీ పాసుపుస్తకం, వారసుల సంతకాలు, వ్యవసాయేతర మార్పిడి అన్నీ చూసుకోవాలి. 2020 అక్టోబరులో వచ్చిన భూ రికార్డుల ధరణి పోర్టల్‌లో దొర్లిన తప్పులు సరిదిద్దడానికి దారి లేక చాలామంది ఇబ్బంది పడ్డారు. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది.

అమెరికాలో ఉన్న తెలుగువారికి తూప్రాన్ దగ్గర పొలం కొనాలని మోజు. విదేశీ మారకద్రవ్య నిబంధనల ప్రకారం ప్రవాసులు, ఓసీఐ కార్డుదారులు సాగుభూమి గానీ ఫాంహౌస్ గానీ కొనరాదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఫ్యాక్టరీ వాటాలో పెట్టిన డబ్బును వెనక్కి తీసుకుపోనని ఒప్పుకుంటే మాత్రం అది దేశీయ పెట్టుబడి కిందికే వస్తుంది. పరిశ్రమకు డబ్బు పెట్టడం సులువు, పొలం కొనడం కుదరదు. చట్టం తలుపు ఎటు తెరిచిందో స్పష్టంగానే ఉంది. అయినా ప్రవాసుల డబ్బు బంధువుల పేర్ల మీదుగా ప్లాట్లలోకే ఎక్కువ పోతోందని రోడ్డు పక్క వెంచర్ల బోర్డులు చూసినవారికి అనిపిస్తుంది. భూమి ధర అలా ఎగబాకితే నష్టపోయేది షెడ్డు వేసుకోవాలనుకునే చిన్న పరిశ్రమే.

వెనక్కి లాగేవి

కార్మికుల కొరత బయటివారితో తీరుతోంది కానీ వారికి ఇళ్ళు లేవు. 2011 లెక్కల ప్రకారం నేటి మెదక్ జిల్లా జనాభా 7,67,428. అందులో పట్టణ జనం పదోవంతు కూడా లేరు. మేనేజర్లు హైదరాబాదు నుంచి కార్లలో వచ్చిపోతారు, జీతం ఖర్చయ్యేది కొంపల్లిలో. మిల్లుల పొగ, బూడిద మీద చుట్టుపక్కల పల్లెల ఫిర్యాదులు పాతవే. పటాన్‌చెరులో నక్కవాగు ఫ్యాక్టరీ వ్యర్థాలతో విషమైన తీరు ఈ జిల్లాకు కళ్ళారా తెలుసు కాబట్టి రసాయన పరిశ్రమ అనగానే జనం ప్రజాభిప్రాయ సేకరణలో నిలదీస్తారు, అది సబబే. వలయ రహదారికి భూమి పోగొట్టుకుంటున్న రైతులు మార్కెట్ ధర ప్రకారం పరిహారం కావాలంటున్నారు. వెంచర్ల వల్ల పెరిగిన ధరకు, రిజిస్ట్రేషన్ పుస్తకంలోని ధరకు మధ్య తేడాయే ఆ గొడవకు మూలం.

ఎగుమతిదారుకు అసలు ఇబ్బంది సముద్రం. విశాఖపట్నం, కృష్ణపట్నం, ముంబయి పక్క నవషేవా, ఏదీ దగ్గర కాదు. మనోహరాబాద్ మండలం పర్కిబండ దగ్గర రోడ్డు, రైలు కలిసే లాజిస్టిక్స్ పార్కు ప్రతిపాదన ఇందుకే. మచిలీపట్నం రేవు తయారయ్యాక అక్కడికి ప్రత్యేక రోడ్డు, రైలు మార్గాలు కావాలని తెలంగాణ ప్రభుత్వం కేంద్రాన్ని అడుగుతోంది. పార్కు పూర్తయ్యేదాకా తూప్రాన్ ఎగుమతిదారు సరుకు లారీ మీద సనత్‌నగర్ కంటైనర్ డిపోకో, నేరుగా రేవుకో పోవాల్సిందే. ఆ కిరాయి ప్రతి టన్ను ధర మీద పడుతుంది.